ఎర్ర పేలిక

కుట్టడం పూర్తయి, ఇస్త్రీ అయి, మడత పెట్టడానికి వచ్చిన ఒక పసిపిల్లల గౌనులో విరిగిన సూదిమొన దొరికింది. బట్టల ఫ్యాక్టరీలో ఇంతకంటే పెద్ద నేరం లేదు. సూది విరిగితే ముక్కలన్నీ వెతికి, ఒకదానికొకటి ఆనించి చూపిస్తేనే కొత్త సూది ఇస్తారు. ఈ మొన ఎవరి మిషన్‌ది? సాయంత్రంలోగా పైవాళ్ళకు ఒక పేరు చెప్పాలి. లైన్ సూపర్‌వైజర్ ఈ చివర నుంచి ఆ చివరకు నడిచి, వెనక్కి తిరిగి, ఒకామె దగ్గర ఆగాడు.

ఆమె కుట్టేది చంకల కింద కుట్టు. మొన దొరికింది మెడ దగ్గర. ఈ సంగతి పక్క మిషన్ల వాళ్ళకు తెలుసు. సూపర్‌వైజర్‌కూ తెలుసు. కానీ తాగే నీళ్ళ డ్రమ్ము అడుగున నాచు పట్టిందని అంతకుముందే గట్టిగా అడిగిన మనిషి ఆమె. నోరున్న మనిషి. నోరున్నది కాబట్టి చెడ్డది, చెడ్డది కాబట్టి సూది ఆమెదే. ఇంత సులువైన లెక్కను ఎవరూ మళ్ళీ సరిచూడలేదు.

ఆమె కత్తెర అప్పగించి, ఒళ్ళో పడ్డ దారపు ముక్కలు దులుపుకుని, శిక్షగా, కుట్టేవాళ్ళ బిడ్డలుండే పిల్లల గదికి ఆయాగా వెళ్ళింది. జీతం తగ్గింది. పేరు మాత్రం పెరిగింది. అప్పటినుంచి ఆమె సూదక్క. ఆ తర్వాత చేరిన అమ్మాయిలు మనిషి సన్నగా ఉంటుంది కాబోలు అందుకే ఆ పేరు అనుకుని వెళ్ళి చూసేవాళ్ళు. సూదక్క సన్నగా ఉండదు. పోట్లాడితే ఉన్న పని కూడా పోతుందని ఇంట్లో చెప్పుకుని ఊరుకుంది. "పోనీలేవే, సూది పోతే పోయింది, నాలుక నీ దగ్గరే ఉందిగా" అందట అత్తగారు. ఆ అత్తాకోడళ్ళది అలాంటి కాపురం. పొగడ్త కూడా గిల్లినట్టే ఉంటుంది.

పిల్లల గది కటింగ్ సెక్షన్ వెనక ఉంటుంది. పైన రేకులు, ఒక గోడకు చిన్న కిటికీ, మిగిలిన మూడు గోడలకూ అవతలి మిషన్ల అదురు. గోడకు చెయ్యి ఆనిస్తే అరచేయి జివ్వుమంటుంది. పిల్లలు ఆ అదురుకే నిద్రపోతారు. ఆదివారం మిషన్లు లేని ఇళ్ళలో నిద్ర పట్టక ఏడుస్తారని తల్లులు నవ్వుకుంటారు. కింద పరిచిన బొంతలన్నీ కటింగ్‌లో మిగిలిన ముక్కలతో కుట్టినవి. బొమ్మలు దారం అయిపోయిన రీళ్ళు.

అక్కడ ఒక ఏర్పాటు ఉండేది. ఒక్కో లైన్‌కు ఒక్కో రంగు. తల్లి ఏ లైన్‌లో కుడుతుందో ఆ రంగు గుడ్డ పేలిక బిడ్డ మణికట్టుకు కడతారు. బిడ్డలకు పాలిచ్చే వేళకు పాలగంట కొట్టగానే ఒక్కో లైన్ ఆడవాళ్ళు ఒక్కో విడతగా పరుగెత్తుకొస్తారు. ఉండేది కాసేపే. పేలిక రంగు చూసి ఆయా ముందే పిల్లల్ని ఎత్తుకుని గుమ్మం దగ్గర సిద్ధంగా ఉంచితే, వెతుక్కునే సమయం పాలకు మిగులుతుంది. మంచి ఏర్పాటే.

దానికి సూదక్క ఒకటి చేర్చింది. కొరికే పిల్లలకు, గోకే పిల్లలకు భుజం మీద ఎర్ర పేలిక ఒకటి పిన్నీసుతో గుచ్చడం. గదినిండా పిల్లలు, ఆయా ఒక్కతే. ఎవరి పక్కన ఎవరిని పడుకోబెట్టకూడదో దూరం నుంచే తెలియాలి కదా. ఆమెకు అందులో తప్పేమీ కనిపించలేదు. తల్లులకూ నచ్చింది. తమ బిడ్డ భుజం ఖాళీగా ఉన్నంతకాలం ఎవరికైనా నచ్చుతుంది.

మనిషి మంచి, చెడు అని రెండు గంపలు నెత్తిన పెట్టుకునే పుడతాడా, లేక ఆ గంపలు పెద్దవాళ్ళు ఎత్తిపెడతారా అని చదువుకున్నవాళ్ళు వాదించుకుంటారు. ఈ గదిలో ఒక పూట కూర్చుంటే ఆ వాదం కొంచెం నేల మీదికి దిగుతుంది. ఒకడు రీలు లాక్కుంటాడు. రెండోవాడు ఏడుస్తాడు. ఈ తగువుతో ఏ సంబంధమూ లేని మూడోది, ఇంకా సరిగ్గా నడవడం కూడా రానిది, పడుతూ లేస్తూ వెళ్ళి ఏడ్చేవాడి పక్కన చతికిలబడుతుంది. లాక్కున్నవాడి వైపు జడ్జిగారిలా చూస్తుంది. ఆ చూపు ఎవరూ నేర్పింది కాదు. సూదక్క దీన్ని దాచదు. "ఆ చూపు పుట్టుకతోనే ఉందమ్మా, నేను రోజూ చూస్తాను" అంటుంది. కానీ ఆ తర్వాత పిల్లలు పడుకుంటారు. లేచేసరికి లాక్కున్నవాడూ, ఏడ్చినవాడూ, జడ్జిగారూ ముగ్గురూ ఒకే బిస్కెట్టును చీకుతూ ఉంటారు. తీర్పు నిద్రలో కరిగిపోతుంది. పెద్దవాళ్ళం కూడా రోజూ నిద్రపోతాం. మన తీర్పులు మాత్రం మనతోపాటే లేచి కూర్చుంటాయి. పిన్నీసులు మన చేతిలో ఉన్నాయి మరి.

కాలర్లు కుట్టే అమ్మాయి కూతురికి దవడపళ్ళు వస్తున్న రోజులవి. ఆ పిల్ల ఒకరి వేలు కొరికింది, తర్వాత మరొకరి బుగ్గ. భుజానికి ఎర్ర పేలిక వచ్చింది. ఆ తర్వాత గదిలో ఎవరు ఏడ్చినా తల్లుల కళ్ళు ముందు ఆ భుజం మీదికి పోయేవి. రీలు పోతే ఆ పిల్లే. పాలసీసా దొర్లితే ఆ పిల్లే. "వచ్చిందమ్మా మహాతల్లి, పిల్లల్ని దాచుకోండి" అని గుమ్మంలోనే పరాచికాలు. పిల్లకు మాటలు రావు గానీ నవ్వులు అర్థమవుతాయి. అది క్రమంగా మూలకు జరిగి కూర్చోవడం మొదలుపెట్టింది. మూలకు జరిగిందంటే ఏదో చేసే ఉంటుందని మళ్ళీ అనుకున్నారు.

గుండీల మిషన్ దగ్గర పనిచేసే ఆమెను అందరూ గుండీలక్క అంటారు. ఆమె కొడుకు పాలు తాగే పిల్లాడు, ఉబ్బు బుగ్గలవాడు. వాడి బుగ్గ మీదే ఒకసారి పంటిగాట్లు పడ్డాయి. గుండీలక్క వెల్ఫేర్ మేడమ్ దగ్గరికి వెళ్ళింది. పిల్లల గది బాధ్యత మేడమ్‌దే. ఆమె కాలర్ల అమ్మాయిని పిలిచి, ఇంకొక్కసారి జరిగితే పిల్లను తీసుకురావద్దని చెప్పేసింది. ఆ అమ్మాయికి ఇంటి దగ్గర పిల్లను చూసేవాళ్ళు లేరు. భర్త తెల్లారకముందే లోడింగ్ పనికి వెళ్ళిపోతాడు, తల్లి లేదు. పిల్ల లోపలికి రాకూడదంటే తనూ రాకూడదన్నమాటే. ఆ రోజు నుంచి ఆమె కాలర్లు వంకర పోవడం మొదలుపెట్టాయి. చెవి ఎప్పుడూ గోడవైపే.

ఆ ఇంకొక్కసారి రానే వచ్చింది.

పాలగంటకు ముందు సూదక్క కాలర్ల అమ్మాయి కూతుర్ని చంకనేసుకుని వెనక కుళాయి దగ్గరికి వెళ్ళింది. పిల్ల బట్టలు పాడుచేసుకుంది. ఒంటిమీద బట్ట తీసి, సబ్బు రుద్ది, కడుగుతూ ఉండగా గంట కొట్టారు. లోపలినుంచి గుండీలక్క కేక. కొడుకు ముంజేతి మీద పంటిగాట్లు, అప్పుడే పడ్డవి, ఎర్రగా. సూదక్క పిల్లను అలాగే చంకలో పెట్టుకుని తడి చేతులతో పరుగెత్తుకొచ్చింది. గాట్లు చూసింది. వెంటనే తన చంకలో ఉన్న పిల్ల మూతి మీద రెండు వేళ్ళతో కొట్టి, "మళ్ళీ కొరికావటే దొంగపిల్లా" అంది.

ఎవరికీ ఏమీ అనిపించలేదు. గుండీలక్కకు అనిపించలేదు. అప్పుడే వచ్చిన మేడమ్‌కు అనిపించలేదు. ఆఖరికి కన్నతల్లికే అనిపించలేదు. కాలర్ల అమ్మాయి పరుగెత్తుకుంటూ వచ్చి, సూదక్క చంకలోంచి కూతుర్ని లాక్కుని వీపు మీద ఒక్కటి వేసి, తనే ఏడ్చింది. మేడమ్ మాట తప్పే మనిషి కాదు. రేపటినుంచి పిల్లను తీసుకురావద్దంది. పాలగంట అయిపోయింది. తల్లులందరూ మిషన్ల దగ్గరికి వెళ్ళిపోయారు.

పిల్ల వెక్కుతూ సూదక్క ఒళ్ళో మిగిలింది. తల తుడుద్దామని సూదక్క తువ్వాలు తీసుకుంది. పిల్ల చెవి వెనక సబ్బు నురుగ ఉంది. మెడ కింద ఉంది. వీపు మీద తల్లి చెయ్యి పడ్డ చోట మాత్రం నురుగ చెదిరి, ఐదు వేళ్ళ ఆకారం ఉంది. సూదక్క తువ్వాలు పట్టుకుని అలాగే కూర్చుండిపోయింది. ఒళ్ళు కడగడం పూర్తికాని పిల్ల, బట్టలే లేని పిల్ల, తన చెయ్యి దిగని పిల్ల లోపలికి ఎప్పుడు వెళ్ళింది, ఎవరిని కొరికింది?

ఇక్కడ సూదక్కను వెనకేసుకు రావాలని నాకు లేదు. ఆవిడకూ అక్కర్లేదు. తనకు సూది అంటగట్టిన లెక్కతోనే తను ఒక పసిపిల్లకు పంటిగాటు అంటగట్టింది. దెబ్బ తిన్నవాళ్ళకు ఆ దెబ్బ కొట్టడం రాకుండా ఉండదు. పైగా బాగా వస్తుంది. చూసింది కదా, ఎక్కడ తగులుతుందో తెలుసు. సూదక్కలో మెచ్చుకోవలసింది తర్వాత చేసింది. ఆమె లేచి గదిలో ఉన్న ఎర్ర పేలికలన్నీ పీకేసింది. పక్క గదిలో ఊడ్చే మనిషిని పిల్లల దగ్గర కూర్చోబెట్టి, కాలర్ల అమ్మాయినీ గుండీలక్కనూ లైన్‌లోంచి లేపి, మేడమ్ గదికి తీసుకెళ్ళింది. సూపర్‌వైజర్ టార్గెట్ గురించి ఏదో అంటే, కావాలంటే నువ్వూ రా అంది. అతను రాలేదు.

మేడమ్ ముందు సూదక్క మొదట చెప్పింది తన సంగతే.

"చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికారంటారు కదా మేడమ్. నేను అంతకంటే ఘనురాలిని. చంకలో పిల్లను పెట్టుకుని ఆ పిల్లకే శిక్ష వేశాను."

నురుగ సంగతి చెప్పింది. కాలర్ల అమ్మాయి తన కుడిచేతి వైపు చూసుకుంది.  గుండీలక్క మాత్రం ఊరుకోలేదు.

"అయితే ఎవరు కొరికారు?"

"తెలుసు. తర్వాత గాటు సరిగ్గా చూస్తే తెలిసింది. చెప్పను."

"ఏంటి, చెప్పవా? నా కొడుకు చెయ్యి చూశావా అసలు?"

"మందు రాసింది నేనేనమ్మా. చెబితే ఏం చేస్తావు?"

"కొరికిన పిల్లను పంపించేయమంటాను."

"ఆ పిల్ల తల్లి మిషన్ ఖాళీ అవుతుంది. నాలుగు నెలలు పోతే నీ కొడుకుకు పళ్ళొస్తాయి. వాడూ కొరుకుతాడు. అప్పుడు నీ మిషన్ ఖాళీ."

"మావాడు కొరకడు."

"అందరూ ఆ మాటే అన్నారు. ఈ అమ్మాయి కూడా అంది" అని సూదక్క కాలర్ల అమ్మాయి వైపు చూపించింది.

మేడమ్‌ను కథలో దయ్యాన్ని చెయ్యడం నాకు సులువే. మీకూ చదవడానికి హాయిగా ఉంటుంది. కానీ ఆమె అప్పుడు అడిగిన ప్రశ్నే దారి తెరిచింది. ఎవరు అన్నది పక్కన పెట్టి, ఇవన్నీ ఎప్పుడు జరుగుతున్నాయని అడిగింది.  గుండీలక్కే, కోపం ఇంకా దిగకముందే, సమాధానం చెప్పింది. పెద్ద ఆర్డర్ వచ్చిన దగ్గర్నుంచి పాలగంటను ఇంకా ఆలస్యంగా కొట్టేలా జరిపారు. ఆమె ఒంటికి మాత్రం పాత గంటే గుర్తుంది. ఆ సమయానికి జాకెట్టు తడిసిపోతుంది. గుడ్డముక్కలు లోపల పెట్టుకుని గుండీలు కుడుతుంది. కొడుకు ఏడుపు గోడ అవతలినుంచి మొదలయ్యేదీ అప్పుడే. గాట్లు పడేదీ అప్పుడే. తన కొడుక్కి మొదటి గాటు పడింది కూడా గంట జరిపిన వారంలోనే. చెబుతూ చెబుతూ గుండీలక్క గొంతు తగ్గింది. తను ఇన్నాళ్ళూ పళ్ళున్న పిల్ల మీద కోపం పెంచుకుంది. ఆకలేసిన పిల్లలు, ఒక్క ఆయా, పాలు సలుపుతున్న తల్లులు, మధ్యలో ఒక గోడ. కొరకడానికి ఇంతకంటే ఏం కావాలి?

రెండో ఆయాను ఇవ్వమని తానూ పైవాళ్ళను అడుగుతూనే ఉన్నానని మేడమ్ చెప్పింది. గంట సంగతి తన చేతుల్లో లేదంది. కాలర్ల పిల్లను మాత్రం ఉంచుకోమంది. అంతవరకే ఆమె వల్ల అయింది. మిగిలింది తల్లులు చేసుకోవలసి వచ్చింది.

మర్నాడు పాత పాలగంట సమయానికి గుండీలక్క మిషన్ ఆపి లేచింది. కాలర్ల అమ్మాయి లేచింది. పాలు తాగే పిల్లలున్న వాళ్ళందరూ లేచారు. పిల్లలు లేని వాళ్ళు కూడా కొందరు ఊరికే లేచి నిలబడ్డారు. మిషన్ల మోత ఒక్కసారిగా పలచబడేసరికి గోడ అవతల నిద్రపోతున్న పిల్లలు ఉలిక్కిపడి లేచారట. సూపర్‌వైజర్ పరుగెత్తుకొచ్చి ఇంకా గంట కొట్టలేదన్నాడు.

"మాకు కొట్టేసింది సార్" అంది గుండీలక్క.

వాళ్ళు రోజూ అలాగే లేచారు. కొన్నాళ్ళు అతను తిట్టాడు, కొన్నాళ్ళు చూడనట్టు నటించాడు. ఆఖరికి గంటే దిగొచ్చి పాత సమయానికి మోగడం మొదలుపెట్టింది. రెండో ఆయా ఇంకా రాలేదు. అడుగుతూనే ఉన్నారు. కాలర్ల పిల్ల మూలలోంచి గది మధ్యకు వచ్చేసింది. సూదక్క తడిగుడ్డ చల్లబరిచి చేతికిస్తే దాన్ని నములుతూ తిరుగుతుంది. తర్వాత కూడా ఒకసారి కొరికింది. సూదక్కనే. "నా బాకీ తీరింది" అని నవ్వుతూ చెయ్యి చూపించిందావిడ.

ఆ లైన్ సూపర్‌వైజర్ గురించి ఒకసారి ఆమెతో మాట్లాడాను. ఇన్నాళ్ళూ అతన్ని రాక్షసుడనే అనుకున్నానంది. అతనికి సాయంత్రంలోగా ఒక పేరు కావాలి, తన పేరు నోటికి దొరికింది, అంతేనని ఇప్పుడు అనిపిస్తోందట. అయితే క్షమించేశావా అని అడిగితే నా వైపు జాలిగా చూసింది.

"క్షమించడమేంటమ్మా, నా మిషన్ నాకిమ్మని అర్జీ పెట్టాను. వాడు రాక్షసుడైతే వాణ్ణి తీసేస్తే సరిపోయేది. కాదు కాబట్టే పద్ధతి మార్చాలి. అదే కష్టం."

ఈ మాటను మెత్తదనమని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. తప్పు జరగలేదని ఆమె ఎక్కడా అనలేదు. పిల్లాడి చేతి గాటు నిజం, గౌనులో సూదిమొన నిజం. తప్పును చూసి ముఖం ముడుచుకోవడం మనిషికి పుట్టుకతో వచ్చి ఉండవచ్చు. అది ఉండాలి కూడా. ఆ మూడో పిల్ల లేచి వెళ్ళి ఏడ్చేవాడి పక్కన కూర్చోకపోతే లోకం నిలవదు. కానీ ఒక మనిషిని చెడ్డవాళ్ళ గంపలో వేసి మూత పెట్టేశాక, ఇక మనం కళ్ళతో చూసింది కూడా చూడం. చేతుల్లో ఉన్నది కూడా మనకు తెలియదు. అది పుట్టుకతో రాలేదు. అది మనం పెట్టుకున్న ఏర్పాటు. పెట్టుకున్నదాన్ని తీసేయవచ్చు. ఒక పూటలో తీసేయవచ్చు. ఒక ఆయా తీసేసి చూపించింది.

కాబట్టి చదువుతున్న మిమ్మల్ని ఒకటి అడుగుతున్నాను. రేపు మీ పిల్లల బడికి వెళ్ళండి. తరగతి గదిలో నల్లబల్ల చూడండి. దాని మూల క్లాస్ లీడర్ చేత రాయించిన పేర్లుంటాయి. మాట్లాడినవాళ్ళు, అల్లరి చేసినవాళ్ళు. ఎక్కువ బళ్ళలో అవి రోజూ అవే పేర్లు. వాటిలో మీ పిల్లల పేరు లేదని సంతోషపడి తిరిగి రాకండి. టీచరు పక్కన నిలబడి, ఈ పిల్లలు మాట్లాడేముందు ఏం జరిగిందని మర్యాదగా అడగండి. సమాధానం విన్నాక, ఆ పేర్లు చెరపమనండి. ఒప్పుకోకపోతే మర్నాడు మరో ఇద్దరు తల్లిదండ్రులను వెంటబెట్టుకుని వెళ్ళండి. మీ చుట్టుపక్కల ఆడవాళ్ళు పనిచేసే ఫ్యాక్టరీ ఉంటే దాని గేటు దగ్గర కూడా ఒకసారి ఆగండి. లోపల పిల్లల గది ఉందా, ఎంతమంది పిల్లలకు ఎంతమంది ఆయాలున్నారు, తల్లులను పాలకు ఎప్పుడు వదులుతున్నారు అని బయటికి వచ్చే ఆడవాళ్ళనే అడగండి. వాళ్ళు చెబుతారు. అడిగేవాళ్ళు లేకే ఇన్నాళ్ళూ చెప్పలేదు.